ముందు సీటు అద్దం మీద ఆవిరి

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంట. నేను పశువుల డాక్టర్ని. ఊరి బయట వల్లకాటి పక్కన ఒంటరిగా నిలబడి చచ్చిన గేదెకి పోస్టుమార్టం చేసినదాన్ని. ఆవుకి గాలి సోకిందని వేపమండలతో కొడుతున్న వాళ్ళని పక్కకి నెట్టి, దాని గొంతులో ఇరుక్కున్న మామిడి టెంక బయటికి లాగి, ఇదిగోనయ్యా మీ దయ్యం అని చేతిలో పెట్టినదాన్ని. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే అక్కడ నుంచి లేచి వెళ్ళిపోతాను.

ఇప్పటికీ నా అభిప్రాయం ఏమీ మారలేదు. కాకపోతే ఒక్క సంగతి ఉంది. దాన్ని ఎటు నుంచి చూసినా నాకు అంతు చిక్కలేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరే ఏమనుకుంటారో అనుకోండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు అరకు దగ్గర ఉద్యోగం. మా ఆయన ప్రకాశరావు అక్కడే హైస్కూల్లో సైన్సు మాస్టారు. మాకు ఒక సెకండ్‌హ్యాండ్ మారుతి కారు ఉండేది. కారు నడపడం నాకు ఆయనే నేర్పారు, అదీ ఆ ఘాట్ రోడ్డు మీదే.

అరకులో వర్షాకాలం గడిపిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. తలుపు తీస్తే మబ్బు ఇంట్లోకి వచ్చేస్తుంది. ఆరేసిన బట్టలు ఆరవు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరైపోతుంది. కారెక్కి నాలుగు మలుపులు తిరిగేసరికి ముందు అద్దం మసకేసి, పాలు పోసినట్టు తెల్లబడిపోతుంది.

ఆ మసక మీద మా ఆయన పెద్ద పాఠమే చెప్పేవారు. అది బయటి మంచు కాదు, లోపల కూర్చున్న మన ఊపిరే అనేవారు. మన ఊపిరి వెచ్చగా, తడిగా ఉంటుంది, అద్దం చల్లగా ఉంటుంది, ఆ తడి పోయి అద్దం మీద కూర్చుంటుంది. కాబట్టి వాన పడుతున్నా సరే, రెండు వైపులా కిటికీ వేలెడంత దించాలి. ఫ్యాను గాలి అద్దం మీదికి తిప్పాలి. తడి గొడుగులు కాళ్ళ దగ్గర పెట్టకూడదు. అరచేత్తో తుడవకూడదు, చేతి జిడ్డంతా అంటుకుని ఇంకా పాడవుతుంది. అన్నిటికన్నా మంచిది, పొడి సబ్బు బిళ్ళతో అద్దాన్ని లోపల పల్చగా రుద్ది, న్యూస్‌పేపరు ఉండచుట్టి మెరిసేదాకా తుడిచెయ్యడం. అలా చేస్తే కొన్నాళ్ళ దాకా ఎంత ఊపిరి తగిలినా ఆవిరి పట్టదు. బయటి వైపు మాత్రం జీపు డ్రైవర్ల పద్ధతే, చుట్ట పొగాకు తడిపి రుద్దితే వాన నీళ్ళు నిలవకుండా జారిపోతాయి.

ఇంత ఓపిక నాకెక్కడిది? మసకేస్తే చీర చెంగుతో ఒక్క తుడుపు తుడిచి పోనిచ్చేదాన్ని.

ఇంత పాఠం చెప్పే మనిషికి ఒక పాడు అలవాటు ఉండేది. నేను నడుపుతుంటే నా మీద నమ్మకం లేదు. మలుపు వస్తోందంటే చాలు, రెండు చేతులూ డాష్‌బోర్డు మీద ఆనించి, ముందుకు వంగి, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా పెట్టి, "బ్రేకు, బ్రేకు" అని గొణుక్కునేవారు. ఆయన బాగా పొడుగు. అద్దం మీద బాగా పైన, సరిగ్గా ఆయన ముక్కుకి ఎదురుగా, ఇడ్లీ అంత గుండ్రంగా ఆవిరి పట్టేది. ఊపిరి వదిలితే పెద్దదయ్యేది, పీలిస్తే అంచులు కరిగి చిన్నదయ్యేది. ఎడమ మలుపులో నాకు లోయ అంచు కనబడాల్సింది సరిగ్గా అక్కడే.

"అలా వంగకండి, నాకు దారి కనబడటం లేదు" అని అరిచేదాన్ని. నిమిషం వెనక్కి జరిగేవారు. మళ్ళీ మలుపు రాగానే వంగేవారు. అరకు నుంచి శృంగవరపుకోట దాకా ఇదే గొడవ మాకు.

ఆ ఏడు వానల్లో ఆయనకి చలిజ్వరం వచ్చింది. ఏజెన్సీలో అది ఎవరికి రాదు గనక? మాత్రలు వేసుకుంటున్నారు, తగ్గుతుందిలే అనుకున్నాం. ఒకరోజు తెల్లవారేసరికి ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నా మొహంలోకి చూసి, మీరెవరండీ అని మర్యాదగా అడిగారు. కాసేపటికి ఆ మాట కూడా లేదు. కళ్ళు మూతపడిపోయాయి, పిలిస్తే పలకలేదు, గిల్లితే కదల్లేదు.

అక్కడి ఆసుపత్రి డాక్టరు వచ్చి ఇంజక్షను చేశాడు. మలేరియా మెదడుకి ఎక్కిందని, వెంటనే కొండ కింద శృంగవరపుకోట ఆసుపత్రికి దించెయ్యమని చెప్పాడు. ఆసుపత్రి జీపు ఏదో కాన్పు కేసు కోసం లోపలి ఊళ్ళకి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. ఫోను చేస్తే అంబులెన్సు వచ్చే రోజులు కావవి. ఉన్నది మా కారు, నడపడానికి నేను. ఆయనకి ఏమైనా అయితే నేను బతకగలనా అన్న ఆలోచన ఒకటి వచ్చింది. దాన్ని అక్కడే నొక్కేశాను.

మా ఇంట్లో పని చేసే సోములమ్మ, మా ఆఫీసు అటెండరు అప్పన్న కలిసి ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టారు. సోములమ్మ కొండ మీద ఊరి మనిషి, అరవై దాటినా దుక్కలా ఉండేది. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ గంటలకొద్దీ పని చేసేది. ఆమె వెనక కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. వాంతి అయితే గొంతుకి అడ్డం పడకుండా తల పక్కకి తిప్పి పట్టుకోవాలి.

కారులో ఫ్యాను పని చెయ్యడం లేదు, ఎలకలు వైర్లు కొరికేశాయి. అందుకని అప్పన్నని ముందు కూర్చుని అద్దం తుడవమన్నాను. అతను తలుపు తియ్యబోయాడు.

"అప్పన్నా, ఎదర కూకోకు. ఆ జాగా బాబుది" అంది సోములమ్మ.

"బాబు నీ ఒళ్ళోనే ఉన్నారు కదా సోములమ్మా" అన్నాను నేను.

"ఇది ఒట్టి ఒళ్ళమ్మా. తెలివి లేని మనిసిని ఊరు దాటించినప్పుడు పేనం ఒంటితోటి రాదు, ఎదర నడుత్తాది. మావోలు డోలీ మోసినా డోలీకి ఎదర ఎవులూ నడవరు, తోవ ఒగ్గేత్తారు. కారులోనయితే ఆ సీటే తోవ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మరి అద్దం ఎవరు తుడుస్తారు? నీ పేనం తుడుస్తుందా?" అన్నాను.

"ఆడెక్కితే నాను దిగిపోతాను. బాబు తల ఎవులట్టుకుంటారో సూసుకో" అంది. అన్నంత పనీ చేసేటట్టే ఉంది.

అప్పన్న కూడా ఆ ప్రాంతం వాడే. తలుపు మీద నుంచి చెయ్యి తీసేసి, నాకేసి చూడకుండా వెనక్కి తగ్గాడు. వాదించే సమయమా అది? ఆసుపత్రికని సామాను సర్దిన సంచీ విసురుగా ముందు సీట్లో పడేశాను. సోములమ్మ వెనక నుంచే చెయ్యి చాపి దాన్ని కూడా లాక్కుని తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. పళ్ళు నూరుకుంటూ కారు తీశాను.

ఊరు దాటుతూనే వాన అందుకుంది. ఆయనకి జల్లు తగులుతుందని కిటికీలన్నీ ఎత్తేశాను. ఇంకేముంది, అద్దం తెల్లబడటం మొదలైంది. చెంగుతో నా ముందు తుడుచుకుంటున్నాను, ఎడమ వైపు నాకు చెయ్యి అందదు. తుడిచిన చోట జిడ్డు చారలు కట్టి ఎదుటి లైట్లు పచ్చగా అలుక్కుపోతున్నాయి. సోములమ్మని మనసులో తిట్టని తిట్టు లేదు.

ఆమె మాత్రం నా గోల పట్టించుకోలేదు. ఒక చెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని ఊపిరి చూస్తోంది. రోడ్డు కింద ఎక్కడ వాగు పారినా, వాళ్ళ మాటలో గెడ్డ, గొంతెత్తి పిలుస్తోంది.

"ఓ బాబూ, ఒచ్చీ. మాతోటే ఒచ్చీ. గెడ్డ కాడ ఉండిపోకు."

సుంకరమెట్ట దాటాక ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. అది బస్సని నాకు తెలిసేసరికే పక్కకి వచ్చేసింది. స్టీరింగు ఎడమకి కోశాను. చక్రాలు రోడ్డు దిగి బురదలోకి జారి, ఒక రాయి దగ్గర ఆగాయి. ఆ రాయికి అవతల ఏముందో మబ్బులో కనబడలేదు.

ఇలా పోతే ఆసుపత్రి చేరక ముందే ముగ్గురం లోయలో ఉంటాం అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది ఆయన పాఠం. కారు మెల్లగా వెనక్కి తీసి, వెడల్పుగా ఉన్న చోట ఆపాను. సంచీలో ఒంటి సబ్బు కొత్తది ఉంది, సీటు కింద పాత పేపర్లున్నాయి. అద్దం అంతా తువ్వాలుతో ఆరబెట్టి, పొడి సబ్బు రుద్ది, పేపరు ఉండతో మెరిసేదాకా తుడిచాను. ఎడమ వైపు కూడా, ఆ సీటు మీదికి మోకాలు వేసి, పై నుంచి కింద దాకా. సోములమ్మ "బేగి, బేగి" అంటోంది, "ఆ సీటు మీదేటి ఎక్కుతన్నావు" అని గొణుగుతోంది. ఆయన మీద దుప్పటి ఇంకొకటి కప్పి, ముందు రెండు కిటికీలూ వేలెడంత దించాను.

మళ్ళీ బయల్దేరితే అద్దం నీళ్ళలా ఉంది. ఒక్క చుక్క ఆవిరి లేదు. గాలికొండ ఎక్కి దిగుతున్నా, మబ్బు మధ్యలో నుంచి పోతున్నా, అద్దం లోపలి వైపు తేటగానే ఉంది. మాస్టారి పాఠం మాస్టారికే పనికొచ్చింది అనుకున్నాను. కాస్త ధైర్యం వచ్చింది.

అనంతగిరి కాఫీ తోటలు దాటి దిగుడులో ఉన్నాం. కుడి పక్క కొండ గోడ, ఎడమ పక్క లోయ, రోడ్డు సన్నం. అప్పుడు వెనక నుంచి సోములమ్మ గొంతు మారింది.

"అమ్మా, ఊపిరి సేతికి తగల్లేదు."

"సరిగ్గా చూడు" అన్నాను.

"సూత్తన్నాను. నేదమ్మా."

కారు ఆపేద్దామని కాలు బ్రేకు మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే కింద నుంచి హారను కొట్టుకుంటూ లారీ ఎక్కుతోంది. మా వెనక ఒక జీపు. అక్కడ ఆగడానికి లేదు, ఎడమ అంచుకి జరిగి లారీకి దారి ఇవ్వాలి. అంచు ఎంత ఉందో చూద్దామని ముందు అద్దం ఎడమ వైపు నుంచి చూశాను.

అక్కడ ఇడ్లీ అంత ఆవిరి ఉంది.

గుండ్రంగా, బాగా పైన, ఎప్పుడూ ఉండే చోటే. నాకు లోయ అంచు కనబడాల్సిన చోట. నేను చూస్తుండగానే చిన్నదైంది. మళ్ళీ పెద్దదైంది.

నేను ఏమీ ఆలోచించలేదు. ఆలోచించే టైము లేదు. నా నోరు దాని అలవాటు ప్రకారం అది అరిచేసింది.

"అలా వంగకండి అని ఎన్నిసార్లు చెప్పాలి? నాకు దారి కనబడటం లేదు!"

ఆవిరి అంచుల నుంచి కరుగుతూ వచ్చి పోయింది. అద్దం తేటపడింది. ఎర్రమట్టి అంచు, దాని మీద తెల్ల సున్నం వేసిన రాళ్ళు స్పష్టంగా కనబడ్డాయి. జానెడు దూరంలో చక్రాలు పోనిచ్చాను. లారీ మమ్మల్ని రాసుకుంటూ పోయింది.

నేను ఎవరి మీద అరిచానో అప్పుడు తెలిసింది. ఆ సీట్లో ఎవరూ లేరు.

కొంచెం ముందుకి పోయి కారు పక్కకి ఆపాను. వెనక జీపు కూడా మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. సోములమ్మ కూడా పిలవడం మానేసింది. వెనక్కి తిరిగి చూడాలి. నాకు ధైర్యం చాలలేదు. అన్ని పశువుల చావులు దగ్గరుండి చూసినదాన్ని, మెడ తిప్పలేకపోయాను. అద్దం వంకే చూస్తున్నాను. ఆవిరి మళ్ళీ రాలేదు. నేను కసిరాను కాబట్టి వెళ్ళిపోయారు అనిపించింది. ఆ మనిషితో నా ఆఖరి మాట తిట్టు అయిపోయింది అనిపించింది.

ఆ ఖాళీ సీటు వైపు తిరిగి నేనన్న మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, అయినా చెప్తాను.

"ఏమండీ, రండి. ఎంతైనా వంగండి. ఇంక నేనేమీ అనను."

వెనక ఆయన దగ్గారు. లోతు నుంచి, కఫం తెగినట్టు పెద్ద దగ్గు. తర్వాత బావిలోంచి తోడుకున్నట్టు ఒక పొడుగాటి ఊపిరి. ఆ వెంటనే ఇంకొకటి.

"ఒచ్చీసినాడమ్మా, ఒచ్చీసినాడు. నువ్వు పోనీ" అంది సోములమ్మ. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కోటకి ఎలా చేరానో నాకు పెద్దగా గుర్తులేదు. దారంతా అద్దం తేటగానే ఉంది. ఆసుపత్రిలో సెలైను పెట్టారు, ఇంజక్షన్లు చేశారు. కొన్ని రోజులకి ఆయన కళ్ళు తెరిచి, స్కూల్లో పరీక్షలు ఎంతవరకు వచ్చాయని అడిగారు. నా గురించి అడగలేదు, పరీక్షల గురించి అడిగారు. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది, మనిషి పూర్తిగా మా ఇంటి మనిషేనని.

ఇంట్లో నా మొహం గుర్తుపట్టనప్పటి నుంచి ఆసుపత్రిలో కళ్ళు తెరిచే దాకా ఆయనకి ఏమీ జ్ఞాపకం లేదు. కారు గుర్తులేదు, వాన గుర్తులేదు. మళ్ళీ మళ్ళీ అడిగాను. నేనెందుకు అడుగుతున్నానో ఆయనకి చెప్పలేదు.

నేను ఊరికే వదిలిపెట్టే మనిషిని కాదు. ఆయన కోలుకుంటుండగానే ఆరా మొదలుపెట్టాను. ఆ చోట సబ్బు సరిగ్గా తగల్లేదేమో అనుకున్నాను. అలాగైతే మర్నాడూ అక్కడే ఆవిరి పట్టాలి. పట్టలేదు. నేనే అక్కడ ఊపిరి ఊది చూశాను, సబ్బు రుద్దిన అద్దం కాబట్టి ఏమీ నిలవలేదు. తడి సంచీ నుంచి ఆవిరి వచ్చిందా అంటే, సంచీ సోములమ్మ కాళ్ళ దగ్గర ఉంది. ఇంకో వాన రోజు సోములమ్మని వెనక కూర్చోబెట్టి, ముందు సీటు ఖాళీగా ఉంచి, సబ్బు తుడిచేసి, అదే దిగుడులో దిగాను. అద్దం మసకేసింది, కానీ అంతా ఒకేలా మసకేసింది, ఒక చోట గుండ్రంగా కాదు. అప్పన్నని ముందు కూర్చోబెట్టి వంగమన్నాను. అతను పొట్టి, అతని ఊపిరి బాగా కింద తగిలింది.

భయంలో మనిషికి ఏదైనా కనబడుతుంది, ఒప్పుకుంటాను. కానీ నేను అరిచింది భయంతో కాదు, చిరాకుతో. కంటికి అడ్డం లేనిదాని మీద ఎవరికైనా చిరాకు వస్తుందా?

సోములమ్మకి మాత్రం ఇందులో వింతేమీ లేదు. వంటింట్లో చుట్ట తిప్పుకుంటూ నా మాటంతా విని, నవ్వింది.

"మేవు పిలుత్తాం అమ్మా. ఒకోపాలి ఒత్తాది, ఒకోపాలి రాదు. తిట్టి రప్పించినోల్ని మాత్రం నిన్నే సూసినాను."

"ఆయన ముందు ఈ మాట అనకు" అన్నాను.

"నాకేటి పని" అంది.

శీతాకాలంలో ఆయన కాస్త ఒళ్ళు చేశాక, మళ్ళీ కోటకి బయల్దేరాం, డాక్టరుకి చూపించుకోవడానికి. నేను నడుపుతున్నాను. ఆయన నా పక్కన ముందు సీట్లో కూర్చున్నారు. ఫ్యాను బాగు చేయించాం కానీ, సబ్బు రుద్దడానికి ఆయనకి ఇంకా ఓపిక రాలేదు, నేనూ రుద్దలేదు. మంచు బాగా ఉంది.

అనంతగిరి దాటి ఆ దిగుడులోకి వచ్చేసరికి ఆయన రెండు చేతులూ డాష్‌బోర్డు మీద పెట్టి ముందుకు వంగారు. "బ్రేకు, బ్రేకు" అన్నారు. అద్దం మీద ఇడ్లీ అంత ఆవిరి పట్టింది. అదే ఎత్తు, అదే చోటు. చిన్నదైంది, పెద్దదైంది.

నా నోట్లోకి మాట వచ్చేసింది. మింగేశాను. నా వైపు కిటికీ వేలెడంత దించి, కారు నెమ్మది చేసి, మెడ చాపి అంచు చూసుకుని మలుపు తిప్పాను.

కాసేపటికి ఆయన నాకేసి చూసి, "ఏంటి, ఈ మధ్య తిట్టడం మానేశావు?" అన్నారు.

"దారి కనబడుతోంది లెండి" అన్నాను.